పదమూడు రూపాయల బాకీ

ఈ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ పడగానే నిమిషాల్లో పేర్లన్నీ అయిపోయాయి. కలాం గారిని ఒకరు, విశ్వేశ్వరయ్య గారిని ఇద్దరు, బ్రౌన్ దొరను మా కడప వాళ్లే ముగ్గురు పట్టేసుకున్నారు. నేను విన్‌స్టన్ చర్చిల్ అని పెట్టాను. కింద వరసగా కోపం బొమ్మలు వచ్చాయి. మన దేశాన్ని అంత తక్కువగా చూసిన మనిషి మీద మన మ్యాగజైన్‌లో రాయడమేంటని ఎడిటర్ అక్క విడిగా ఫోన్ చేసి అడిగింది. పొగడడానికి కాదక్కా, ఆయన పేరు చెప్పి నేనొక తప్పు చేసినాను, అది దిద్దుకోవాలి అన్నాను. సరే రాయి, కానీ మీ ఇంటి గొడవ ఎక్కువై చర్చిల్ తక్కువ కాకూడదు అంది. ప్రయత్నిస్తాను.

మాది బ్రహ్మంగారిమఠం. వీరబ్రహ్మేంద్రస్వామి సజీవ సమాధి అయిన ఊరని మీలో చాలామందికి తెలుసు. మా వైపు తాతను అబ్బ అంటాం. మా అబ్బకు తెల్లారుజామున రెండు పనులు తప్పవు. మఠం దాకా నడిచి దండం పెట్టుకుని రావడం ఒకటి, వచ్చి అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించడం ఇంకొకటి. పొగాకు మైదుకూరు నుంచి తెచ్చుకుని, నీళ్లు చిలకరించి, ఈనె తీసి, తనే చుట్టుకునేవాడు. చిన్నప్పుడు అగ్గిపెట్టె అందించే డ్యూటీ నాది. ఆ ఘాటు వాసన వస్తే ఇప్పటికీ నాకు ఇల్లే గుర్తొస్తుంది.

రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచింది. అబ్బకు కుడి బుగ్గ లోపల తెల్లగా మచ్చ లేచింది, కారం తగిలితే మంట అంటున్నాడు, చదువుకున్నోడివి నువ్వు చెప్తే వింటాడు, చుట్ట మాన్పించి డాక్టరుకు చూపించు నాయనా అంది. పోయి చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను అక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది. పట్టుకోకపోగా తమాషాకు మా హాస్టల్ రూములో సీనియర్లు వదిలిపోయిన పోస్టరు సంగతి ఎత్తినాను. నోట్లో లావాటి చుట్ట పెట్టుకున్న ఇంగ్లండు దొర, చర్చిల్ అంటారు, రోజుకు ఎనిమిదో పదో తాగేవాడంట, అయినా తొంభై ఏళ్లు బతికినాడంట అని.

అబ్బ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి ఎవరు చుట్ట మానమన్నా ఆ దొర తొంభై ఏళ్ల కథ చెప్పేవాడు. మా మనవడు ఇంజనీరు, వాడే చెప్పినాడు అని చివర్లో చేర్చేవాడు. ఎనిమిది నెలలు అట్లా గడిచాయి. మచ్చ పుండయింది. నోరు తెరవడం కష్టమయ్యాక గాని ఆయన ఆసుపత్రికి కదల్లేదు.

ఆ తర్వాతే నేను చర్చిల్ జీవితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. తమాషా ఏంటంటే నేను చెప్పినవేవీ అబద్ధాలు కావు. అన్ని చుట్టలూ నిజమే, తొంభై ఏళ్లూ నిజమే. రెండు నిజాలను పక్కపక్కన పెట్టి చెప్పిన తీరే తప్పు. అదెట్లాగో ఆయన జీవితంతోనే చెప్తాను.

చర్చిల్ 1874 నవంబరు 30న బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో పుట్టాడు. తండ్రి లార్డ్ రాండాల్ఫ్ పెద్ద రాజకీయ నాయకుడు, తల్లి జెన్నీ అమెరికా అమ్మాయి. హారో స్కూల్లో చదువు అంతంతమాత్రం. మన ఎంసెట్ రిపీటర్లకు ఊరట కలిగించే విషయం ఒకటుంది. శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీ ఎంట్రన్సులో ఆయన రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. పొగ తాగడం స్కూల్లోనే మొదలైంది. 1890లో, పదిహేనేళ్ల కొడుకు సిగరెట్లు తాగుతున్నాడని తెలిసి తల్లి ఉత్తరం రాసింది. కనీసం ఆరు నెలలు మానేస్తే నాన్నతో చెప్పి తుపాకీ, చిన్న గుర్రం ఇప్పిస్తానని ఆశ పెట్టింది. మా అవ్వ నన్ను పంపినట్టు ఆ తల్లి గుర్రాన్ని పంపింది. రెండూ ఎక్కువ కాలం పని చేయలేదు.

అదే 1890లో షెర్లాక్ హోమ్స్ రెండో నవల వచ్చింది. అందులో హోమ్స్ బూడిద చూసి అది ఏ పొగాకో చెప్పగలనంటూ లంకా చుట్టను కూడా ప్రస్తావిస్తాడు. ఆ లంక రావణుడి లంక కాదు, మన గోదావరి మధ్యలోని లంకలు. అక్కడ పండిన పొగాకుతో చుట్టిన చుట్టలకు లండన్‌లో ఆ పేరే ఉండేది. అంటే చర్చిల్ చుట్ట పట్టక ముందే మన చుట్ట లండన్ చేరింది. ఈ ముక్క అబ్బకు చెప్తే భలే సంతోషపడతాడు. అందుకే ఇంకా చెప్పలేదు.

1895 జనవరి 24న తండ్రి నలభై అయిదేళ్లకే పోయాడు. మా వంశంలో ఆయుష్షు తక్కువ, నేనూ తొందరగా పోతాను, ఈ లోపే ఏదో ఒకటి సాధించాలి అనే తొందర అప్పటి నుంచి చర్చిల్‌ను వదల్లేదు. ఆ ఏడాదే గుర్రపు దళంలో చిన్న ఆఫీసరుగా చేరాడు. సెలవులు దొరికాయి, ఎక్కడా యుద్ధం లేదు. వెతికితే క్యూబాలో ఉంది. స్పెయిన్ పాలన మీద అక్కడి జనం తిరగబడ్డారు. మిత్రుడు బార్న్స్‌తో కలిసి న్యూయార్క్ మీదుగా హవానా చేరాడు. డైలీ గ్రాఫిక్ అనే పత్రికకు ఉత్తరాలు రాసే ఒప్పందం కూడా చేసుకున్నాడు. ఇరవై ఒకటో పుట్టినరోజు స్పెయిన్ సైన్యంతో కలిసి అడవిలో ఉండగా వచ్చింది. తుపాకీ గుండ్ల చప్పుడు మొదటిసారి అప్పుడే విన్నాడు. క్యూబా నుంచి రెండు అలవాట్లు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం నిద్ర ఒకటి, హవానా చుట్ట ఇంకొకటి. రెండూ డెబ్బై ఏళ్లు నిలిచాయి.

హవానా చుట్ట అంటే ఏంటో ఇక్కడ చెప్పాలి. క్యూబాకు పడమటి కొసన పినార్ దెల్ రియో అనే ప్రాంతం ఉంది. ఎర్రమట్టి నేలలు. అక్కడి పొగాకును ఆరబెట్టి, కుప్పలు పోసి పులియబెడతారు. చుట్టలో మూడు భాగాలుంటాయి. లోపల నింపే ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన అందంగా చుట్టే ఆకు. అన్నీ చేత్తోనే. చుట్టే కార్మికులకు విసుగు రాకుండా ఒకాయన ఎత్తయిన బల్ల మీద కూర్చుని పేపర్లు, నవలలు చదివి వినిపించడం 1865 నుంచి అక్కడ ఉన్న సంప్రదాయం. తర్వాత రోజుల్లో చర్చిల్ పేరుతోనే ఒక సైజు స్థిరపడింది. పొడవు 7 అంగుళాలు, రింగ్ గేజ్ 47. గేజ్ అంటే అంగుళంలో అరవై నాలుగో వంతు. లెక్కేస్తే వ్యాసం సుమారు 18.7 మిల్లీమీటర్లు. సెలవుల్లో అబ్బ చుట్ట ఒకటి బ్యాగులో వేసుకొచ్చి మన వర్క్‌షాప్ వెర్నియర్‌తో కొలిచాను. మధ్యలో 11 వచ్చింది. దొర చుట్టలో సగం కంటే కాస్త ఎక్కువ లావు. అయినా అది చేసే పని చేసింది.

1896 అక్టోబరులో రెజిమెంటుతో పాటు చర్చిల్ ఇండియాకు వచ్చాడు. బొంబాయి సాసూన్ డాక్‌లో పడవ దిగుతూ గోడకున్న ఇనుప కడియం పట్టుకున్నాడు, పడవ జారింది, కుడి భుజం కీలు తప్పింది. ఆ నొప్పి జీవితమంతా వేధించింది. అక్కడి నుంచి బెంగళూరు. మన వాళ్లు ఆఫర్ లెటర్ రాగానే బస్సెక్కే ఊరే. ఇద్దరు మిత్రులతో కలిసి బంగళా తీసుకున్నాడు. గులాబీలు పెంచాడు, సీతాకోకచిలుకలు పట్టాడు, మధ్యాహ్నం ఎండలో గిబ్బన్, మెకాలే పుస్తకాలు లావులావువి కూర్చుని చదివాడు. యూనివర్సిటీకి పోని లోటు అక్కడ తీర్చుకున్నాడు. సాయంత్రం పోలో. వచ్చిన రెండు నెలల్లోపే వాళ్ల జట్టు హైదరాబాదులో గోల్కొండ కప్పు గెలిచింది. పాత రెజిమెంట్లన్నీ నోళ్లు తెరిచాయి. ఆ ట్రిప్పులోనే హైదరాబాద్ రెసిడెంట్ కూతురు పమేలా ప్లోడెన్ పరిచయమైంది. ఆమెతో కలిసి ఏనుగు మీద హైదరాబాదు బజార్లు చూశాడు. పెళ్లి దాకా పోలేదు గాని ఆ స్నేహం చివరి దాకా ఉంది.

1899లో ఇండియా వదిలి వెళ్లిపోయాడు. బెంగళూరు క్లబ్బులో ఒక పాత లెడ్జరు ఉంది. 1899 జూన్ నాటి పేజీలో, ఇక వసూలు కావని కొట్టేసిన బాకీల జాబితాలో లెఫ్టినెంట్ చర్చిల్ పేరు ఎదురుగా 13 రూపాయలు అని రాసి ఉంటుంది. ఆ లెడ్జరును క్లబ్బు వాళ్లు ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. దేశాన్ని ఏలిన వాళ్లలో ఒకడు మనకు పదమూడు రూపాయలు ఎగ్గొట్టి పోయాడని నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. తర్వాత చదివే కొద్దీ ఆ పదమూడు రూపాయలే ఆయన జీవితాన్ని తెరిచే తాళంచెవి అనిపించింది. ఇష్టమైనది అనుభవించాలి, బిల్లు సంగతి తర్వాత, కట్టేది ఇంకెవరో. ఆయన జీవితంలో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఆ తర్వాత కథ వేగంగా చెప్తాను. దక్షిణాఫ్రికా యుద్ధంలో పట్టుబడి ప్రిటోరియా జైలు నుంచి తప్పించుకుని హీరో అయ్యాడు. 1900లో ఎంపీ. 1911లో నౌకాదళ మంత్రి. 1915లో గల్లిపోలి దండయాత్ర ఆయన పట్టుబట్టి చేయించాడు, అది ఘోరంగా విఫలమైంది, వేల మంది కుర్రాళ్లు ఆ ఒడ్డున చచ్చిపోయారు. పదవి పోయింది. కొన్నాళ్లు ఫ్రాన్స్ కందకాల్లో సైనికుడిగా పనిచేసి మళ్లీ వచ్చాడు. 1924లో ఆర్థిక మంత్రి. దేశం లెక్కలు చూసే మనిషి సొంత లెక్కలు మాత్రం ఎప్పుడూ అప్పుల్లోనే. షాంపేన్, చుట్టలు, చార్ట్‌వెల్ అనే పెద్ద ఇల్లు. పుస్తకాలు, వ్యాసాలు రాసి సంపాదించింది రాసినట్టే పోయేది. 1938లో ఆ ఇల్లు అమ్మకానికి పెట్టాల్సి వస్తే స్ట్రాకోష్ అనే ధనవంతుడు ఆదుకున్నాడు. ఆ ఇంట్లో స్టడీ రూము పక్కనే చుట్టల గది. మూడు నాలుగు వేల చుట్టలు, ఎక్కువ భాగం క్యూబావి, పెట్టెల మీద సైజుల వారీగా చీటీలు. చివరి రోజుల్లో ఆయన దగ్గర పనిచేసిన హోవెల్స్ ఒక లెక్క వేసుకున్నాడు. దొర రెండు రోజుల్లో తాగే చుట్టల ఖరీదు తన వారం జీతమంత.

ఇంకో విషయం గమనించండి. ఆయన చుట్ట తాగే తీరు మా అబ్బ తీరు కాదు. ముట్టించేవాడు, రెండు దమ్ములు లాగేవాడు, మాటల్లో పడి వదిలేసేవాడు. ఆరిపోయేది. మళ్లీ ముట్టించేవాడు. కొస తడిసిపోకుండా కాగితం చుట్టుకునేవాడు. చాలాసేపు నోట్లో ఉండేది ఆరిపోయిన చుట్టే. పొగ ఊపిరితిత్తుల్లోకి దించేవాడు కాదు. రోజుకు పది అనే లెక్కలో సగానికి సగం బూడిద పళ్లేలోనే కాలిపోయేది. ఈ వివరం మా పోస్టరు మీద లేదు.

1940 మే 10న ప్రధానమంత్రి అయ్యాడు. ఫ్రాన్స్ పడిపోతోంది, హిట్లర్ ఇంగ్లిష్ ఛానల్ అవతలి ఒడ్డున నిలబడ్డాడు. రాజీ పడదామని కేబినెట్‌లోనే కొందరు అన్నారు. ఈయన ఒప్పుకోలేదు. ఆ కొన్ని వారాల మొండితనం లేకపోతే ప్రపంచం ఇంకోలా ఉండేదని ఆయన్ని ఇష్టపడని వాళ్లు కూడా అంటారు. నేనూ అంటాను. బాంబులు పడ్డ వీధుల్లో చుట్టతో నడుస్తుంటే జనానికి ధైర్యం వచ్చేది. చుట్ట ఆయనకు యూనిఫారం లాంటిదైపోయింది. క్యూబా నుంచి కానుకగా పెట్టెలకొద్దీ చుట్టలు వస్తే విషం ఉందేమోనని గూఢచారి శాఖలో రోత్స్‌చైల్డ్ అనే శాస్త్రవేత్త వాటిని పరీక్షించాడు. ఎత్తుకు ఎగిరే విమానంలో కూడా చుట్ట తాగేలా ఆక్సిజన్ మాస్కు ప్రత్యేకంగా తయారు చేయించుకున్నాడని చెప్పుకుంటారు. ఆక్సిజన్ పక్కన నిప్పు, సేఫ్టీ సార్ వింటే ఏమంటారో! 1941 డిసెంబరు 30న ఒట్టావాలో ఫొటోగ్రాఫర్ కార్ష్ ఆయన నోట్లోంచి చుట్ట లాగేసి క్లిక్కుమనిపించాడు. ఆ చిరాకు ముఖమే సింహం ముఖమని ప్రపంచమంతా అచ్చేసుకుంది. 1945 ఫిబ్రవరిలో సౌదీ రాజు ఇబ్న్ సౌద్‌తో భోజనం. రాజు ఎదుట పొగ, మందు నిషేధం. చర్చిల్ రెండూ మానలేదు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో వెన్న, చక్కెర, మాంసం, టీ అన్నిటికీ రేషన్. పొగాకుకు మాత్రం పెట్టలేదు. జనం మనోధైర్యానికి అది అవసరమనుకున్నారు. అదే 1943లో మన బెంగాల్‌లో జనం వీధుల్లో ఆకలితో పడిపోతున్నారు. బర్మా జపాన్ చేతికి పోయి బియ్యం రావడం ఆగింది. తుఫాను పంట తీసుకుపోయింది. జపాన్ వాళ్లకు దొరక్కూడదని సర్కారే పడవలు లాక్కుంది. ధరలు ఆకాశానికి ఎక్కాయి. దాచుకున్న వ్యాపారులు దాచుకున్నారు, అక్కడి ప్రభుత్వం చేతులెత్తేసింది. ఇన్ని కారణాలున్నాయి నిజమే. కానీ ఓడల్లో ధాన్యం పంపండని ఢిల్లీ నుంచి వైస్రాయిలు, లండన్‌లోనే ఇండియా వ్యవహారాల మంత్రి ఏమరీ అడుగుతూ ఉంటే చర్చిల్ కేబినెట్ ఓడలు లేవని వాయిదా వేస్తూ పోయింది, అడిగిన దాంట్లో కొంతే ఇచ్చింది. సుమారు 30 లక్షల మంది చనిపోయారు. మన సీమలో 1876 నాటి ధాత కరువు కథలు ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినిపిస్తాయి. ఆకలి చావు అంటే ఏంటో మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. హిట్లర్‌ను నిలిపిన మొండితనమూ, బెంగాల్‌ను పట్టించుకోని మొండితనమూ ఒకే మనిషివి. ఒకటి చూపించి ఇంకోటి దాచడం నాకు చేతకాలేదు.

1945 ఎన్నికల్లో ఓడిపోయాడు. 1946లో మళ్లీ హవానా చూసి వచ్చాడు. 1951లో రెండోసారి ప్రధాని. 1953లో సాహిత్యానికి నోబెల్. ఇక్కడే నా కథకు కావాల్సిన ముక్క ఉంది. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించారు. 1951లో బ్రిటన్ డాక్టర్ల మీదే పెద్ద సర్వే మొదలుపెట్టారు. 1954 ఫిబ్రవరిలో ఆ సంబంధం రుజువైనట్టేనని ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రకటించింది ఆరోగ్య మంత్రి మెక్లౌడ్. విలేకరుల సమావేశంలో ఆ మాట చెప్తూ ఆయన ఒకదాని వెంట ఒకటి సిగరెట్లు తాగుతూనే ఉన్నాడు. అప్పటి ప్రధాని ఎవరో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చర్చిల్ పక్కనున్న వాళ్లను చూడండి. ఆయన కొలిచిన రాజు ఆరో జార్జి బాగా సిగరెట్లు తాగేవాడు. 1951 సెప్టెంబరులో ఒక ఊపిరితిత్తి తీసేశారు. 1952 ఫిబ్రవరిలో 56 ఏళ్లకే పోయాడు. రాజు అన్న ఎనిమిదో ఎడ్వర్డ్ కూడా పొగ మనిషే. 1972లో గొంతు క్యాన్సర్‌తో పోయాడు. చర్చిల్ సొంత కొడుకు రాండాల్ఫ్, తాగుడూ పొగా రెండింట్లో తండ్రిని మించినవాడు. తండ్రి పోయిన మూడేళ్లకు 57వ ఏట పోయాడు. ఒకే కాలం, ఒకే దేశం, ఒకే రకం డబ్బు, ఒకే రకం డాక్టర్లు. వీళ్ల ఫొటోలు మన హాస్టల్ గోడ మీద లేవు. తొంభై ఏళ్లు బతికిన ఒక్కడి ఫొటోనే ఉంది.

స్టాటిస్టిక్స్ క్లాసులో సార్ చెప్పిన వాల్డ్ కథ అప్పుడు గుర్తొచ్చింది. అది కూడా ఆ యుద్ధం నాటిదే. తిరిగొచ్చిన యుద్ధ విమానాలకు రెక్కల మీద, ఒంటి మీద ఎక్కువ చిల్లులున్నాయి, ఇంజన్ దగ్గర తక్కువ. ఎక్కడ రేకు మందం చేయాలి అంటే, చిల్లులు లేని చోట అన్నాడు అబ్రహాం వాల్డ్. ఇంజన్‌కు తగిలిన విమానాలు అసలు తిరిగి రాలేదు కాబట్టి. ఆ వాల్డ్ 1950లో మన నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు. సర్వైవర్‌షిప్ బయాస్ అని మనం రెండు మార్కుల ప్రశ్నకు రాసేది ఇదే. నేను ఆ ప్రశ్నకు రెండు మార్కులూ తెచ్చుకున్నాను. అరుగు మీద అబ్బ ముందు మాత్రం తిరిగొచ్చిన విమానాన్ని చూపించి వచ్చాను.

డాల్ మొదలుపెట్టిన సర్వే యాభై ఏళ్లు సాగింది. 2004లో చివరి లెక్క వచ్చింది. సిగరెట్లు మానకుండా తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందు పోతున్నారు. చుట్ట పొగ ఊపిరితిత్తుల్లోకి దిగకపోయినా నోటిని వదలదు. బుగ్గ, నాలుక, గొంతు మీద దాని పని అది చేస్తుంది. మన శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా, వాళ్లకు అంగిలి మీద వచ్చే పుండ్ల గురించి విశాఖ డాక్టర్లు ఎప్పుడో రాశారు. సమాచారం అంతా ఉంది. నా ఫోన్లోనే ఉంది.

చర్చిల్‌కు కూడా బిల్లు రాకుండా పోలేదు. 1941లో గుండె నొప్పి, 1943లో రెండుసార్లు న్యుమోనియా, 1949లో మొదటి పక్షవాతం, 1953లో ప్రధానిగా ఉండగానే పెద్దది. ప్రతిసారీ పక్కన సొంత డాక్టరు, అప్పటికి కొత్తగా వచ్చిన మందులు, సేవకు నర్సులు. అదృష్టం, డబ్బు, పదవి మూడూ కలిసి బిల్లును వాయిదా వేశాయి. 1955లో పదవి వదిలాడు. 1965 జనవరి 24న, తండ్రి పోయిన తేదీకి సరిగ్గా డెబ్బై ఏళ్లకు, చివరి పక్షవాతంతో కన్నుమూశాడు. తొందరగా పోతానని తొందరపడిన మనిషికి తొంభై ఏళ్లు దొరికాయి. ఆయన సగం తాగి వదిలేసిన చుట్ట ముక్క ఒకటి, 1947లో పారిస్ విమానాశ్రయంలో ఎవరో ఏరి దాచింది, 2017లో వేలంలో 12 వేల డాలర్లకు పైగా పలికింది. మా అబ్బ చుట్ట ముక్కలు అవ్వ రోజూ పొద్దున పొరకతో ఊడ్చేది.

అబ్బకు ఆపరేషన్ అయింది. కుడి దవడలో కొంత భాగం తీసేశారు. రేడియేషన్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. గంజి, జావ తాగుతున్నాడు. మాట స్పష్టంగా రాదు కాబట్టి మా చెల్లెలి పలక మీద రాసి చూపిస్తాడు. చుట్ట మానేసినాడు. మానక తప్పని పరిస్థితిలో మానడాన్ని మానడం అనొచ్చో లేదో నాకు తెలీదు.

పోయిన నెల ఇంటికి పోయినప్పుడు ఇదంతా ఆయనకు చెప్పినాను. ఆ దొర సగం చుట్టలు ఆర్పి పెట్టుకునేవాడని, రాజు సంగతి, కొడుకు సంగతి, బెంగాల్ సంగతి, విమానాల సంగతి. నా మాట నమ్మి నువ్వు ఎనిమిది నెలలు పోగొట్టుకున్నావు అబ్బా అని కూడా చెప్పినాను. అది చెప్పడానికే పోయినాను. ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. నా తల మీద చెయ్యి పెట్టి తీసేశాడు. తర్వాత పలక దగ్గరికి లాక్కుని ఏదో రాసి నా వైపు తిప్పాడు. బెంగళూరులో ఆ పదమూడు రూపాయలు కడకు కట్టినాడా లేదా అని ఉంది.

లేదబ్బా అన్నాను. ఆయన పలక తుడిచి, అయితే ఎవరు కట్టినారు అని రాశాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. హాస్టల్‌కు వచ్చాక పోస్టరు చింపలేదు. దాని కింద ఒక కాగితం అతికించాను. ఆరో జార్జి 56, రాండాల్ఫ్ 57 అని రాసి, మూడో వరసలో అబ్బ వయసు రాయకుండా ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో చాలా పెద్ద అంకె పడాలని నా కోరిక. మా రూముకు వచ్చి ఆ పోస్టరు చూసి నవ్వేవాళ్లు ఆ కాగితం కూడా చదివి పొండి.